పైంటు, గ్లాసు, ఇంటిపేరు

హైదరాబాద్‌లో పబ్ అంటే జూబ్లీహిల్స్. చెవులు పగిలే పాట, గుమ్మం దగ్గర నల్ల టీషర్టుల బౌన్సర్లు. మన పేటల పిల్లలు ఆ గుమ్మం దాకా వెళ్లింది ఎక్కువగా భుజాన డెలివరీ బ్యాగు తగిలించుకునే. అలాంటిది నేను పబ్బుల గురించి రాస్తున్నానంటే "అక్కా, నీకేమైంది?" అని అడిగే తమ్ముళ్లు ఉంటారు.

ముందే చెప్పేస్తున్నా, నేను తాగను. మా నాన్న సారాకి నలభై రెండేళ్లకే పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు ఒంగోలు దగ్గరున్న మా పల్లెకి వచ్చినప్పుడు, మా అమ్మ పనికి పోవడం మానేసి ఆ రోజంతా ఆ మాటే చెప్పుకుంటూ తిరిగింది. ఆ అమ్మ కూతుర్ని నేను. మందు గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు తిరిగానంటే, ఆ మాట కోసం. పబ్ అంటే పబ్లిక్ హౌస్. జనం ఇల్లు. ఎవరైనా వచ్చి కూర్చోగల ఇల్లు అని. మహాడ్‌లో 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నది ఈ "పబ్లిక్" అనే ఒక్క మాట మీదే కదా. మా పక్కనున్న కారంచేడులో 1985 జులై 17న జరిగిన దానికి మొదలు కూడా మంచినీళ్ల చెరువు దగ్గర గొడవే. పబ్లిక్ అనే మాట ఎక్కడ కనిపించినా, అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని వెతకడం మనకి అలవాటు. రోగం అనుకున్నా పర్లేదు.

మా ఆడపడుచు డబ్లిన్‌లో నర్సు. వచ్చి ఆరేళ్లయింది. నెల రోజులు ఉండి పొమ్మని టికెట్లు పంపింది. సెప్టెంబరు చివర్లో ఒక రోజు తనకి నైట్ డ్యూటీ పడింది. "మీ ఇద్దరూ ఊళ్లోకి పోయి పాత పబ్బులు చూసి రండి వదినా. ఇక్కడ పబ్ అంటే మన బార్ లాంటిది కాదు, రచ్చబండ లాంటిది" అంది.

"రచ్చబండ మీద మనల్ని ఎప్పుడు కూర్చోనిచ్చారే?" అన్నాడు మా ఆయన.

తను నవ్వలేదు. "పదింటికల్లా బస్సెక్కెయ్యండి" అని మాత్రం రెండుసార్లు చెప్పింది. 2025 జులైలో ఇదే డబ్లిన్‌లో టాలా అనే చోట ఒక భారతీయుడి మీద గుంపు పడి కొట్టింది. ఆ తర్వాత మన ఎంబసీ వాళ్లు జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చారు. తను ఇప్పుడు డ్యూటీ దిగాక ఒంటరిగా నడవడం మానేసింది. ఐర్లాండ్ స్వర్గమని నేను రాయబోవడం లేదు, ఆ సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోండి.

మొదట వెళ్లింది లిఫీ నది పక్కన బ్రిడ్జ్ స్ట్రీట్‌లో ఉన్న బ్రేజెన్ హెడ్‌కి. 1198 నుంచి ఉన్నామని గోడ మీద రాసుకున్నారు. ఇప్పుడున్న కట్టడం మాత్రం పద్దెనిమిదో శతాబ్దానిది. రాళ్లు పరిచిన ముంగిలి, చిన్న చిన్న గదులు, తల తగిలేంత కిందికి ఉన్న దూలాలు. బ్రిటిషు వాళ్ల మీద తిరగబడిన యునైటెడ్ ఐరిష్‌మెన్ ఇక్కడే కలిసేవాళ్లు. రాబర్ట్ ఎమెట్‌ని 1803లో ఉరి తీసిన థామస్ స్ట్రీట్ ఇక్కడికి నడక దూరం.

నాకు చరిత్ర కంటే ముందు కౌంటరు కనిపించింది. ఐరిష్ పబ్బులో మామూలుగా బల్ల దగ్గరికి వచ్చి ఎవరూ ఏం కావాలని అడగరు. మనమే వెళ్లి కౌంటరు దగ్గర నిలబడాలి. క్యూ ఉండదు, కానీ ఎవరి తర్వాత ఎవరొచ్చారో లోపలున్న మనిషికి తెలుసు, ఆ వరుస తప్పడు. జనం మోచేతులు ఆనించి, ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడ్డారు. నేనూ వెళ్లి ఆ చెక్క మీద చెయ్యి పెట్టాను. నున్నగా, కొంచెం తడిగా ఉంది.

మా ఊరి టీ హోటల్లో మా నాన్న ఎప్పుడూ కౌంటరు ముట్టుకోలేదు. ఆయన గ్లాసు చూరులో దోపి ఉండేది. తీసుకోవాలి, కడుక్కోవాలి, కింద పెట్టాలి. పైనుంచి పోస్తే పక్కకెళ్లి తాగాలి, మళ్లీ కడిగి చూరులో పెట్టాలి. రెండు గ్లాసుల పద్ధతి అని మనం సభల్లో మాట్లాడతాం గానీ, దాన్ని చూసినవాళ్లకి గుర్తుండేది గ్లాసు కాదు, ఆ వంగడం. టీ పోయించుకోవడానికి ఒక మనిషి ఎంత కిందికి వంగాలో అంత వంగేవాడు మా నాన్న. ఆయన ఆరడుగుల మనిషి.

ఇక్కడ గ్లాసులన్నీ ఒకే బుట్టలో కడుగుతున్నారు. నేను కాసేపు అదే చూస్తూ నిలబడ్డాను.

మా ఆయన సగం పైంటు గిన్నిస్ అడిగాడు. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. కౌంటరు మనిషి "గ్లాసా?" అన్నాడు. మేం అర్థంకాక మొహాలు చూసుకున్నాం. ఇక్కడ సగం పైంటుని గ్లాసు అంటారట. నాకు ఆల్కహాల్ లేని గిన్నిస్ ఇచ్చాడు. నిండు పైంటు అయితే మూడొంతులు పోసి పక్కన పెట్టేస్తారు, నురగ తేరుకున్నాక మిగతాది నింపుతారు. ఆ రెండు నిమిషాలూ ఎవరూ తొందరపెట్టరు. ఈ పైంటూ గ్లాసూ తేడా వెనక ఒక కథ ఉంది. దానికి మళ్లీ వస్తాను.

అక్కణ్ణుంచి డేమ్ స్ట్రీట్ వైపు నడిచాం. నడుస్తూ మా ఆయనకి ఫ్రెడరిక్ డగ్లస్ గురించి చెప్పాను. బానిసత్వం నుంచి తప్పించుకున్న డగ్లస్, తన కథ పుస్తకంగా వచ్చాక, పట్టుకుపోతారేమోనని 1845లో అట్లాంటిక్ దాటి ఈ ఊరికే వచ్చాడు. అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఆ పుస్తకం ఇక్కడ మళ్లీ అచ్చయింది. నాలుగు నెలలు ఐర్లాండ్ అంతా తిరిగి మాట్లాడాడు. డేనియల్ ఓ'కానెల్ ఉపన్యాసం విన్నాడు. అమెరికాలో తనకి మూసేసిన గుమ్మాలు ఇక్కడ తెరుచుకున్నాయని స్నేహితులకి ఉత్తరాలు రాశాడు. తాగుడు మాన్పించే ఉద్యమం నడిపిన ఫాదర్ మాథ్యూ ముందు ప్రమాణం కూడా చేశాడు. అంటే ఆయన కూడా మా అమ్మ పార్టీయే. బంగాళాదుంప తెగులు మొదలై, ఆ తర్వాతి ఏళ్లలో పది లక్షల మందిని చంపిన కరువుకి తొలి ఏడాది కూడా 1845యే.

"నల్ల మనిషిని అప్పట్లోనే అంత బాగా చూసుకున్నారా?" అన్నాడు మా ఆయన. అవును, చూసుకున్నారు. వచ్చిన అతిథిని. ఆ రోజు రాత్రి దాకా నేనూ దాన్ని అంతకంటే వెనక్కి తిప్పి చూడలేదు.

రెండోది స్టాగ్స్ హెడ్. డేమ్ కోర్ట్ అనే చిన్న సందులో ఉంది. 1895లో మళ్లీ కట్టిన రూపమే ఇప్పటికీ ఉంది. మహాగని చెక్క, ఎత్తైన అద్దాలు, రంగు గాజు కిటికీలు, గోడ మీద పెద్ద దుప్పి తల. అందంగా ఉంది, కాదనను. అక్కడ తెలుగు వినిపించింది. నలుగురు కుర్రాళ్లు, ఇద్దరు ఎమ్మెస్ చదువుతున్నారు, ఇద్దరికి ఉద్యోగాలు. "అక్కా, తెలుగా!" అని లేచి కుర్చీలిచ్చారు. ఇక్కడ రౌండ్ అనే ఆచారం ఉంది. ఒకరు లేచి బల్ల దగ్గరున్న అందరికీ తెస్తారు, తర్వాత ఇంకొకరి వంతు. లెక్కలు వేసుకోరు గానీ వంతు ఎగ్గొట్టినవాణ్ణి జన్మలో మర్చిపోరట. మా రౌండ్ వాళ్లే తెచ్చారు. అద్దెల గురించి, వీసాల గురించి, బిర్యానీ దొరికే చోటు గురించి చెప్పారు. దసరాకి మనవాళ్లంతా కలుస్తున్నాం, మీరూ రండన్నా అని ఒకబ్బాయి ఫోన్ తీశాడు, నంబరు చెప్పమని.

ఈలోగా పక్కబ్బాయి అడిగాడు. "ఒంగోలంటే ఏ ఊరన్నా? ఇంటిపేరేంటి?"

మా ఆయన ఊరు చెప్పాడు, ఇంటిపేరు చెప్పాడు. మేం దాచుకోం. ఆ అబ్బాయి "ఓ, ఓకే అన్నా" అన్నాడు. అంతే. ఎవరూ ఒక్క తప్పు మాట అనలేదు. కుర్చీ జరపలేదు. కాకపోతే ఫోన్ తీసిన అబ్బాయి అడగాల్సిన నంబరు అడగలేదు. కాసేపు దాన్ని చేతిలో తిప్పి జేబులో పెట్టేసుకున్నాడు. మాట క్రికెట్ మీదికి పోయింది. మా ఆయన వెళ్లి ఆరుగురికీ రౌండ్ తెచ్చి బల్ల మీద పెట్టి, "మా వంతు అయిపోయింది తమ్ముడూ, వస్తాం" అన్నాడు. బయటికొచ్చాక ఆయన ఏం మాట్లాడలేదు, నేనూ అడగలేదు. పదిహేనేళ్ల కాపురంలో కొన్ని విషయాలు మాట్లాడుకోకుండానే మాట్లాడేసుకుంటాం.

మూడోది సౌత్ ఆన్ స్ట్రీట్‌లోని కీహోస్. నేను అసలు చూడాలనుకున్నది ఇదే. ఇక్కడ స్నగ్ ఉంది. స్నగ్ అంటే పబ్బు లోపలే చెక్క తడికతో మూసేసిన చిన్న గది. తలుపేసుకోవచ్చు. కౌంటరు వైపు ఒక చిన్న కిటికీ, గ్లాసు అందులోంచి లోపలికి అందిస్తారు. ఎవరి కోసమంటే, నలుగురిలో తాగుతూ కనిపించకూడని వాళ్ల కోసం. పాదిరీలు, పోలీసులు. అందరికంటే ఎక్కువగా ఆడవాళ్లు.

పైంటు కథ ఇక్కడ. ఎన్నో ఐరిష్ పబ్బుల్లో ఆడవాళ్లని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. రానిస్తే స్నగ్‌లోనే కూర్చోవాలి. ఇస్తే గ్లాసే ఇస్తారు, పైంటు ఇవ్వరు. ఆడమనిషి చేతిలో పైంటు మర్యాద కాదట. 1970ల మొదట్లో నెల్ మెకాఫర్టీ అనే జర్నలిస్టు, ఇంకో ముప్పై మంది దాకా ఆడవాళ్లు ఒక పబ్బుకెళ్లి తలా ఒక బ్రాందీ చెప్పారని, అవన్నీ పోశాక ఒక్క పైంటు గిన్నిస్ అడిగారని, ఇవ్వనంటే బ్రాందీలు తాగేసి డబ్బులివ్వకుండా లేచొచ్చారని ఇక్కడ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు భలే నచ్చింది. ధర్నా చేస్తే ఇలా చెయ్యాలి. కానీ చట్టం రావడానికి 2000 దాకా పట్టింది. ఈక్వల్ స్టేటస్ యాక్ట్ వచ్చాకే ఆడదని పైంటు నిరాకరించడం నేరుగా చట్టవిరుద్ధమైంది.

ఇక్కడ విద్యార్థులు ఒకటి గమనించాలి. మన రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాల ఆలోచన 1937 ఐర్లాండ్ రాజ్యాంగం నుంచి వచ్చిందని గ్రూప్-2 రాసే ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. కానీ దుకాణం, హోటల్, వినోదశాల, బావి, చెరువు, రోడ్డు, వీటిలోకి కులం పేరుతో, లింగం పేరుతో ఎవర్నీ ఆపకూడదన్న 15వ అధికరణం రెండో క్లాజు మనకి 1950లోనే ఉంది. అది ప్రభుత్వాన్ని కాదు, కౌంటరు వెనకున్న మనిషిని పట్టుకుంటుంది. ఆ విషయంలో ఐర్లాండ్ మనకంటే యాభై ఏళ్లు వెనక. కాగితం మీద.

స్నగ్ ఖాళీగా ఉంటే కాసేపు కూర్చున్నాం. మా ఆయన తలుపు వేయబోతే వద్దన్నాను.

తర్వాత బ్యాగట్ స్ట్రీట్‌లో టోనర్స్ చూడాలని బయల్దేరాం. ఒకప్పుడు అది పబ్బూ, కిరాణా కొట్టూ రెండూనట. సరుకులు పెట్టుకునే పాత సొరుగులు ఇంకా ఉన్నాయంటారు. అక్కడిదాకా వెళ్లలేదు. మధ్యలో దారి తప్పి ఒక వీధిలోకి పోయాం. అక్కడ ఒక పబ్బు. పేరు రాయను, వీధి కూడా రాయను. లోపల ఫిడేలు వినిపిస్తోంది, చూసిపోదామనుకున్నాం.

మా ముందు ఒక జంట ఉంది. ముప్ఫై దాటి ఉంటాయి. ఆమె మంచి గౌను వేసుకుని జుట్టు చక్కగా చేయించుకుంది. అతను ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఇద్దరూ తెల్లవాళ్లే, ఐరిష్ వాళ్లే. గుమ్మం దగ్గరున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టి, "సారీ, ఈ రాత్రి రెగ్యులర్స్‌కి మాత్రమే" అన్నాడు. అంటూనే వాళ్ల భుజాల మీదుగా మమ్మల్ని చూసి నవ్వి, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

మా ఆయన కదల్లేదు. "మేమూ రెగ్యులర్స్ కాదండి. ఈ దేశం వచ్చి పదకొండు రోజులైంది" అన్నాడు.

"అది కాదు, లోపల ప్రైవేట్ పార్టీ ఉంది" అన్నాడు ఆ మనిషి.

రెండు నిమిషాల్లో రెండు కారణాలు. నాకు ఒళ్లు జలదరించింది. ఈ గొంతు నాకు తెలుసు. గుంటూరులో, హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కున్న ప్రతిసారీ విన్నదే. "ఇప్పుడే ఒకాయన అడ్వాన్స్ ఇచ్చి వెళ్లాడండీ." "మా అమ్మాయి అమెరికా నుంచి వచ్చేస్తోందండీ." మర్యాదగా ఉంటుంది, వినయంగా ఉంటుంది. ఈసారి ఆ మర్యాద మాకు కాదు, అంతే తేడా.

మేం వెనక్కి తిరిగాం. ఆ జంట వీధి మలుపులో నిలబడి ఉన్నారు. ఆమె సిగరెట్ వెలిగించుకుంటోంది. ఏమైందని అడిగాను. "మేం ట్రావెలర్స్" అంది, అంతకంటే చెప్పేదేముందన్నట్టు.

ఐరిష్ ట్రావెలర్స్ గురించి నేను చదివే ఉన్నాను, మనుషుల్ని చూడడం మాత్రం అప్పుడే. తరాలుగా బళ్ల మీద తిరుగుతూ బతికిన జాతి. రేకు పాత్రలు చేయడం, మరమ్మతు చేయడం, గుర్రాల వ్యాపారం. ఆ రేకు పని పేరునే జనం తిట్టుగా మార్చారు. మన కులాల పేర్లని తిట్లు చేసినట్టే. 1963లో ప్రభుత్వం వేసిన కమిషన్ వాళ్లని తీర్చాల్సిన ఒక సమస్యగా చూసింది. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 33 వేల మంది. 2010లో వచ్చిన ఆరోగ్య అధ్యయనం ప్రకారం ట్రావెలర్ మగవాళ్లు మిగతా ఐరిష్ మగవాళ్లకంటే 15 ఏళ్లు ముందు చనిపోతున్నారు. 2015 అక్టోబరులో ఇదే డబ్లిన్ శివారు కారిక్‌మైన్స్‌లో వాళ్ల గుడిసెలంటుకుని పదిమంది కాలిపోతే, బతికినవాళ్లని తెచ్చి పెడతామన్న స్థలానికి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు దారి అడ్డుకున్నారు. వీళ్లు ప్రత్యేక జాతి అని ప్రభుత్వం పార్లమెంటులో ఒప్పుకున్నది 2017 మార్చి 1న.

రంగు అదే. మతం అదే, క్యాథలిక్. ఇంగ్లీషు మాట్లాడతారు. "మరి అతనికెలా తెలిసింది?" అని మా ఆయన అడిగాడు.

"నోరు తెరిస్తే తెలుస్తుంది. ఇంటిపేరు చెప్తే తెలుస్తుంది. అడ్రస్ చెప్తే ఇంక ఖాయం" అన్నాడు అతను.

మా ఆయన నా వైపు చూశాడు. గంటన్నర కిందటే కదా. "మా దగ్గరా అంతే" అన్నాను. ఆమెకి ఆసక్తి కలిగింది. మీ దేశంలో కూడా అందరూ ఒకేలా ఉంటారా, మరి వాళ్లకెలా తెలుస్తుంది అంది. అడుగుతారు అన్నాను. మొహం మీదే అడుగుతారు, ఊరేంటి, ఇంటిపేరేంటి, ఊళ్లో ఏ వైపు. ఆమె నవ్వింది. రెండు గ్లాసుల గురించి చెప్పాను. ఈసారి నవ్వలేదు. సిగరెట్ దులిపి, "ఇక్కడ ఆ రెండో గ్లాసు కూడా ఉండదు" అంది.

కేసు పెట్టొచ్చు కదా, 2000 చట్టం ఉంది కదా అన్నాను. ఇక్కడి కథ కార్యకర్తలు తప్పక తెలుసుకోవాలి. ఆ చట్టం వచ్చిన కొత్తలో ఫిర్యాదులు ఈక్వాలిటీ ట్రిబ్యునల్‌కి వెళ్లేవి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ట్రావెలర్లు పబ్బుల మీద వరసగా కేసులు వేశారు, కొన్ని గెలిచారు. పబ్బుల యజమానుల సంఘాలు గోల చేశాయి. 2003లో మద్యం చట్టం తెచ్చి, పబ్బుల మీద ఫిర్యాదుల్ని మాత్రం ట్రిబ్యునల్ నుంచి తీసేసి డిస్ట్రిక్ట్ కోర్టుకి పంపారు. కోర్టంటే లాయరు, ఓడితే అవతలివాడి ఖర్చులు నెత్తిన పడతాయన్న భయం. కేసులు పడిపోయాయి. వివక్ష నిషేధం అలాగే ఉంది. గుమాస్తా బల్ల ఒక్కటి జరిపారు. మనకి 1989 అట్రాసిటీ చట్టం ఉంది, ప్రత్యేక కోర్టులున్నాయి, కానీ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టించడానికే రోడ్డు మీద కూర్చోవాలి. ఎక్కడైనా చట్టాన్ని రద్దు చేయక్కర్లేదు, దాని గుమ్మం కొంచెం ఎత్తు పెంచితే చాలు.

ఆమె నా మాట పూర్తిగా విని, తల అడ్డంగా ఊపింది. వచ్చే వేసవిలో చెల్లెలి పెళ్లట. హోటల్ వెతుకుతున్నారు. తెలిసినావిడ పేరుతో బుక్ చేయించాలి, పెళ్లి రోజు దాకా తమ పేరు బయటికి రాకూడదు. తెలిస్తే ఆ వారమే పైపులు పగిలిపోయాయని ఫోనొస్తుంది. కోర్టుకెళ్లి పేపర్లో పేరు పడితే ఇంకెవడిస్తాడు అంది.

తొమ్మిదిన్నరయింది. మా బస్సుకి టైమవుతోంది. వాళ్ల పెళ్లయి ఆ రోజుకి పదేళ్లట. అందుకే ఆ గౌను. పిల్లల్ని వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చారు. ఫోన్ నా చేతికిచ్చి ఒక ఫోటో తీయమంది. అతని కాలరు సరిచేసి పక్కన నిలబడింది. నేను ఫోన్ పైకెత్తాక, ఒక్క నిమిషం అని ఆపి వెనక్కి చూసి, అతన్ని రెండడుగులు పక్కకి జరిపింది, ఆ పబ్బు బోర్డు ఫోటోలో పడకుండా.